ఇంటిపేరు తాతది, లెక్క మామ్మది

కన్యాదానానికి ముందు పురోహితుడు రెండు వైపులా మూడేసి తరాల పేర్లు చదువుతాడు. ఫలానా వారి మునిమనవడు, ఫలానా వారి మనవడు, ఫలానా వారి కొడుకు అని అటు. మునిమనవరాలు, మనవరాలు, కూతురు అని ఇటు. ఆరూ మగవాళ్ల పేర్లే. పెళ్లికొడుకు మామ్మ ఏ ఇంటి ఆడపడుచో, పెళ్లికూతురు అమ్మమ్మ ఎక్కడ పుట్టిందో ఆ చదువులో ఎక్కడా రాదు. ఇంటిపేరు మగవాడి సొత్తని, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుక్కి దిగే వారసత్వమని మనం గట్టిగా నమ్మడానికి ఇలాంటి సందర్భాలే కారణం. పట్టాలు, దస్తావేజులు, బడి సర్టిఫికెట్లు కూడా అదే చెబుతాయి. కానీ సెంటు భూమి, చిత్తు కాగితం లేకుండా పొట్ట చేతపట్టుకుని వలస వచ్చిన జనానికి ఇంటిపేరు ఎలా నిలిచింది? విశాఖపట్నంలో కంచరపాలెం లాంటి పేట చరిత్రని ఈ ప్రశ్నతో తిరగేస్తే జవాబు మరోలా వస్తుంది. పేరు నడిచింది మగవాళ్ల మీదుగానే. దాన్ని చెడిపోకుండా, వాడకంలో ఉంచింది మాత్రం ముసలమ్మలు. ఆ జనానికి ఇంటిపేరుతో పని పడింది ఆస్తి పంపకాల దగ్గర కాదు, పెళ్లి సంబంధాల దగ్గర. ఆ లెక్క ఆడవాళ్ల చేతిలో ఉండేది.

2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' సినిమా ఈ పేట పేరుని తెలుగువాళ్లందరికీ చేరవేసింది గాని, పేట బతుకు మాత్రం అంతకు చాలా ముందునుంచీ రైలు పట్టాల చుట్టూ, రేవు చుట్టూ అల్లుకున్నదే. 1890లలో తూర్పు కోస్తా రైలు మార్గం వాల్తేరు మీదుగా పడింది. తర్వాత బెంగాల్ నాగపూర్ రైల్వే వచ్చింది. విజయనగరం నుంచి రాయపూర్ దాకా లైను 1931 నాటికి పూర్తయ్యి మధ్య పరగణాల సరుకుకి దారి ఇచ్చింది. 1933లో రేవు తెరిచారు. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ సింధియా ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేశారు. 1957కి కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, 1971లో ఉక్కు కర్మాగారానికి పునాదిరాయి పడింది. 1901 జనాభా లెక్కల్లో 40 వేల చిల్లర ఉన్న ఊరు 1951కి లక్ష దాటి, 1981కి 6 లక్షలయింది. ఈ లక్షల్లో పెద్ద వాటా శ్రీకాకుళం, విజయనగరం, చోడవరం వైపు పల్లెల నుంచి కూలికి, కళాసీ పనికి, గ్యాంగు పనికి వచ్చినవాళ్లది. కంచరపాలెం, మర్రిపాలెం, జ్ఞానాపురం, కప్పరాడ లాంటి పేటలు వాళ్లతోనే కిక్కిరిశాయి. ముందు మగవాళ్లు వచ్చారు, గది దొరికాక పెళ్లాం పిల్లలు వచ్చారు. మామ్మలు చాలాకాలం పల్లెల్లోనే ఉండిపోయారు.

ఇలాంటి చోట మనిషిని గుర్తుపట్టడమే ఒక సమస్య. సింహాచలం కొండ దగ్గర్లోనే ఉంది. ఆ కొండ మీది దేవుడు సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకోని ఇల్లు ఈ ప్రాంతంలో అరుదు. అప్పలరాజు, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనర్సమ్మ, అప్పలకొండ, అప్పయ్యమ్మ, ఊరికే అప్పన్న, ఇంకా ఊరికే సింహాచలం. ఆడా మగా తేడా కూడా ఉండదు, సింహాచలం అంటే తాతా కావచ్చు, మామ్మా కావచ్చు. దానికి తోడు నూకాలమ్మ పేరున నూకరాజులు, పైడితల్లి పేరున పైడిరాజులు, పోలమ్మ పేరున పోలయ్యలు. కళాసీల గుంపులో అప్పలరాజూ అని కేకేస్తే నలుగురు తిరిగి చూసే చోట ఇంటిపేరు అలంకారం కాదు, అవసరం. ఇంత మాత్రానికే అయితే మస్టరు రాసే గుమాస్తాకి తండ్రి పేరో, ఊరి పేరో చాలు. చాలాచోట్ల అవే రాసుకునేవారు. ఇంటిపేరు అసలు పని మొదలయ్యేది సాయంత్రం, పేటకి తిరిగొచ్చాక, పిల్లకో పిల్లాడికో సంబంధం అనుకున్నప్పుడు.

అప్పుడు పడే ప్రశ్నలు మగవాళ్లవి కావు. మంచం పట్టె మీద కూర్చున్న ముసలమ్మ, వచ్చిన పిల్లని పక్కన కూచోబెట్టుకుని అడుగుతుంది: "ఎవులమ్మాయివే? మీ మామ్మ కన్నోరెవులు? ఏ ఊరోలు? మీ అమ్మమ్మ అప్పచెల్లెల్లని ఏ ఊరిచ్చేరు?" తండ్రి ఇంటిపేరు ఏమిటన్నది ఆ వరసలో దాదాపు అడగనే అడగదు, అది అందరికీ తెలిసిందే. ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు అన్నదమ్ముల కిందే లెక్క, వాళ్ల మధ్య పెళ్లి లేదు. ఇది ఇంటిపేరు చూసి ఎవరైనా చెప్పగల సంగతి. చిక్కంతా ఇంటిపేరు వేరైన చోట ఉంది. మామ్మ చెల్లెల్ని మరో ఇంటిపేరు వాళ్లకి ఇచ్చారనుకుందాం. ఆ చెల్లెలి కొడుకు మన తండ్రికి తమ్ముడి వరస. అతని కూతురు మనకి చెల్లెలు. ఇంటిపేర్లు రెండూ వేరు, ఊళ్లు వేరు, కాగితం మీద చూస్తే ఏ అడ్డూ లేదు. అయినా ఆ పెళ్లి జరగకూడదు. అదే మామ్మ తమ్ముడి కొడుకు కూతురైతే మరదలవుతుంది, నిక్షేపంలాంటి సంబంధం. అంటే ఇంటిపేరు చెప్పేది సగమే. ఏ ఇంటిపేరు ఆడపిల్ల ఏ ఇంటిపేరులోకి వెళ్లిందో తెలిస్తేనే ఆ పద్ధతి పనిచేస్తుంది. మగవాడు ఒక్క ఇంటిపేరు గుర్తుంచుకుంటే బతికిపోతాడు. మామ్మకి తన కన్నవారిది, తల్లి కన్నవారిది, మెట్టినింటిది, అప్పచెల్లెళ్లని ఇచ్చిన ఇళ్లవి, కూతుళ్లని ఇచ్చినవి, కోడళ్లని తెచ్చుకున్నవి, అన్నీ తెలియాలి. తక్కువలో తక్కువ వేసుకున్నా పది పన్నెండు ఇంటిపేర్లు, వాటి ఊళ్లతో సహా.

ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి కలిసి 1909లో ఏడు సంపుటాలుగా వేసిన దక్షిణ భారత కులాల గ్రంథంలో తెలుగు కులాల ఇంటిపేర్ల జాబితాలు బోలెడు ఉన్నాయి. చెట్ల పేర్లు, జంతువుల పేర్లు, పనిముట్ల పేర్లు. పెళ్లి నిషేధాలు ఈ ఇంటిపేర్ల మీద నడుస్తాయని వాళ్లు సరిగ్గానే పట్టుకున్నారు. అంతకు రెండేళ్ల ముందు, 1907లో, డబ్ల్యూ. ఫ్రాన్సిస్ రాసిన విశాఖపట్నం జిల్లా గెజిటీరు మేనరికం గురించి చెబుతుంది. ఈ రెండు పుస్తకాలూ విలువైనవే, కానీ రెండింటిలోనూ ఆడవాళ్ల గొంతు దాదాపు వినపడదు. ఇంటిపేర్లని పెట్టెలో సర్దిన వస్తువుల్లా ఒకచోట పేర్చారు. వాటిని ఒకదానితో ఒకటి ముడేసే తాడు ఎవరి చేతిలో ఉందన్న ఆలోచన వాళ్లకి వచ్చినట్టు లేదు.

ఆ తాడు మేనరికంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఉత్తరాంధ్ర పల్లెల్లో చాలా కులాల్లో మేనమామ కూతురి మీద మేనల్లుడికి హక్కు ఉండేది. మేనమామ వేరే సంబంధం చూస్తే అలిగి కూచునే హక్కు అన్నమాట. దీని ఫలితం ఏమిటో ఒక ఉదాహరణతో చూద్దాం. పిల్లా వారి ఆడపడుచు మజ్జి వారింటికి కోడలుగా వచ్చింది. కన్నవారి ఇంటిపేరు అక్కడితో పోయినట్టే కదా. కానీ ఆమె కొడుక్కి తన తమ్ముడి కూతుర్నే చేసుకుంది. ఆ కోడలూ పిల్లా వారి పిల్లే. అంటే మజ్జి వారింట్లో అత్తా కోడలూ ఇద్దరూ ఒకే కన్నింటి నుంచి వచ్చారు. మూడో తరంలో మళ్లీ అదే జరిగితే మామ్మ, తల్లి, భార్య ముగ్గురిదీ ఒకే పుట్టిల్లు. మగవాళ్ల ఇంటిపేరు ఎంత నిక్కచ్చిగా తరం నుంచి తరానికి దిగిందో, ఆడవాళ్ల పుట్టింటి పేరు కూడా అంతే నిక్కచ్చిగా దిగింది. కాకపోతే తల్లి నుంచి కూతురికి కాదు, అత్త నుంచి కోడలికి. అది ఏ పట్టాలోనూ రాయని వారసత్వం. పురిటికి కన్నవారింటికి వెళ్లడం, పండక్కి సారె తేవడం, పిల్లాడి చెవులు కుట్టించడానికి మేనమామ ఒడి కావాలనడం, ఇవన్నీ ఆ రెండో ఇంటిపేరుకి బాకీ తీర్చే పద్ధతులే. అత్తాకోడళ్ల పోరు గురించి మనకి సామెతలకి లోటు లేదు. ఆ పోట్లాడుకున్న ఇద్దరూ చాలా ఇళ్లలో మేనత్తా మేనకోడళ్లే అన్న సంగతి మాత్రం సామెతలు చెప్పవు.

పిల్లలకి పెట్టే పేర్లలోనూ ఇదే నడిచింది. మొదటి మనవడికి తాత పేరు, మొదటి మనవరాలికి మామ్మ పేరు పెట్టడం ఇక్కడ మామూలు. తీరా పెట్టాక కోడలికి చిక్కు. అత్త పేరు పెట్టి పిలవకూడదు, పిల్లని తిట్టాలంటే అసలే కుదరదు. అందుకని ఇంట్లో బుల్లెమ్మో, చిన్నమ్మో, పాపో అవుతుంది. అసలు పేరు బడి రిజిస్టరుకో, పెళ్లి శుభలేఖకో పరిమితం. అత్తగారి పేరు ఎత్తకపోవడం గౌరవమని అంటారు. నాకు అందులో మరోటి కనిపిస్తుంది. పేరుని రోజువారీ వాడకంలో అరిగిపోకుండా దాచిపెట్టి, ఒక తరం దాటించి అందజేసే ఏర్పాటు అది.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది, అది బలమైనదే. ఇంటిపేర్లు నిలిచింది రాతలో, ఆ రాత మగవాళ్లదని. గురజాడ అప్పారావు గారి ఇంటిపేరు కృష్ణా జిల్లాలోని ఒక ఊరిది. ఆయన బతుకులో చాలా భాగం విజయనగరంలో గడిచినా పూర్వీకులు విడిచొచ్చిన ఊరు ఆ పేరులో అలాగే ఉండిపోయింది. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకి ఉపాధ్యక్షుడుగా వాల్తేరులో ఉన్న సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి ఇంటిపేరు నెల్లూరు జిల్లా ఊరు. ఇలాంటి కుటుంబాల్లో పేరుని నిలబెట్టింది చదువు, మాన్యాలు, తద్దినాల్లో చదివే తరాల వరస. నిజమే, ఒప్పుకుంటాను. తద్దినంలో తల్లి, నాయనమ్మ, ముత్తవ్వల పేర్లు కూడా చెబుతారు, అయితే భర్తల గోత్రంతోనే. కానీ ఇది రాత ఉన్న ఇళ్ల సంగతి. ఆ ఇళ్లలో కూడా కాగితం ఎంత సులువుగా దారి తప్పుతుందో చూడాలంటే విశాఖలోనే పుట్టిన శ్రీశ్రీ చాలు. 1910లో పుట్టింది పూడిపెద్ది వారింట్లో, తల్లి పేరు అప్పలకొండ. శ్రీరంగం వారికి దత్తత వెళ్లాక శ్రీరంగం శ్రీనివాసరావు అయ్యాడు. ఒక్క తంతుతో ఇంటిపేరు మారిపోయింది. వరసలు మాత్రం మారవు. 1956 దత్తత చట్టం కూడా ఈ మాటే అంటుంది. కన్న ఇంట్లో ఉండి ఉంటే ఎవరిని పెళ్లాడకూడదో, దత్తత వెళ్లాక కూడా వాళ్లని పెళ్లాడకూడదు. పేరు కొత్తది, నిషేధం పాతది. దత్తుడి మనవడికి సంబంధం చూసేనాటికి ఆ పాత ఇంటిపేరు ఏ కాగితంలో వెతుకుతారు? ఎవరో ఒక పెద్దావిడ చెప్పాలి.

రాత గొప్పదా, మామ్మ జ్ఞాపకం గొప్పదా అన్నది తేల్చుకోడానికి చరిత్రే ఒక పరీక్ష పెట్టింది. ఇదే తీరం నుంచి రెండు దిక్కులకి జనం వెళ్లారు. 1860 నుంచి 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరకు తోటలకి అయిదేళ్ల ఒప్పందం మీద గిర్మిటియా కూలీలుగా లక్షన్నర మంది వెళ్లారు. మద్రాసు రేవు మీదుగా వెళ్లినవాళ్లలో విశాఖపట్నం జిల్లా వాళ్లు ఎక్కువమందే. ప్రతి ఒక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, ఒంటి మీది పుట్టుమచ్చలతో సహా రిజిస్టర్లలో రాశారు. రాతకి ఏ లోటూ లేదు. ఫలితం చూడండి. దక్షిణాఫ్రికాలో ఇవాళ అప్పలరాజు, అప్పలసామి అన్నవి ఇంటిపేర్లు. ఒక మనిషికి సింహాద్రి అప్పన్న పేరున పెట్టిన పేరు రాసుకున్న చోట రాయైపోయి, మనవలకీ మునిమనవలకీ ఇంటిపేరుగా మిగిలింది. అసలు ఇంటిపేరు చాలా కుటుంబాల్లో జారిపోయింది, అన్నింటిలోనూ అని కాదు. నూరుమంది మగవాళ్లకి నలభైమంది ఆడవాళ్లని ఎక్కించాలన్నది అప్పటి నియమం. ఎక్కినవాళ్లలో ఎక్కువమంది వయసులో ఉన్న కూలీలే. ఓడలో మామ్మలకి చోటు లేదు. వరసలు చెప్పే మనిషి రేవుకి ఇవతలే ఉండిపోయింది, లెక్క ఆమెతోనే ఉండిపోయింది.

రెండో దిక్కు బర్మా. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన కూలీల్లో తెలుగువాళ్లు అధికం. కోరంగి రేవు పేరున వాళ్లని అక్కడ కోరంగీలనేవారు. 1930 మే నెలలో రంగూన్ రేవులో బర్మీయులకీ వాళ్లకీ మధ్య పెద్ద అల్లర్లే జరిగాయి. బర్మాకి కూలీల్ని పోగుచేసి తీసుకెళ్లేది మేస్త్రీలు. రాత తక్కువ, నోటిమాట ఎక్కువ. బర్మీయుల్లో అయితే ఇంటిపేరన్నదే లేదు, తండ్రికీ కొడుక్కీ పేరులో ఏ పొంతనా ఉండక్కర్లేదు. అక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు బడిలో, ఆఫీసులో బర్మా పేర్లు పెట్టుకున్నాయి. రాతే నిలబెట్టేదైతే తెలుగు ఇంటిపేరు ముందుగా చచ్చిపోవలసింది ఇక్కడే. కానీ బర్మా ప్రయాణం నటాల్ ప్రయాణంలాంటిది కాదు. విశాఖ నుంచీ భీమిలి నుంచీ ఓడ ఎక్కినవాడు ఒకటి రెండేళ్లకి డబ్బుతో తిరిగొచ్చేవాడు. పెళ్లికి వచ్చేవాడు, మళ్లీ వెళ్లేవాడు. సంబంధాలు ఊళ్లోనే, ఊళ్లో ఉన్న మామ్మ చెప్పిన ప్రకారమే జరిగేవి. 1941 డిసెంబరులో జపాన్ రంగూన్ మీద బాంబులు వేశాక లక్షలమంది భారతీయులు అడవుల్లో కాలినడకన పారిపోయి వచ్చారు. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చి, 1964లో వర్తకమంతా జాతీయం చేశాక మరో లక్షకి పైగా వచ్చిపడ్డారు. కంచరపాలెం పక్కనున్న బర్మా క్యాంపు పేరు ఆ రాకకి గుర్తు. ఆస్తీ కాగితాలూ వదులుకుని వచ్చినవాడికి చుట్టాల్ని వెతుక్కోడానికి మిగిలిన ఆనవాళ్లు రెండు, ఊరి పేరూ ఇంటిపేరూ. తాత ఊరొదిలి నలభై ఏళ్లయ్యాక ఆ రెండూ చెబితే పోల్చుకోగల మనిషి ఉండాలి కదా. అలాంటి మనిషి బర్మా వెళ్లినవాళ్లకి మిగిలింది కాబట్టే వాళ్ల పేరు బతికింది, నటాల్ వెళ్లినవాళ్లకి మిగల్లేదు కాబట్టి వాళ్ల పేరు పోయింది. దూరం, రాకపోకల ఖర్చు, అయిదేళ్ల ఒప్పందం లాంటి కారణాలు లేవనను. అవన్నీ చేసిన పని ఒక్కటే, మనవణ్ణి మామ్మకి అందకుండా చేయడం.

మరో అభ్యంతరం గుమాస్తాల పేరు మీద వస్తుంది. కూలి జనానికి పూర్వం ఇంటిపేర్లే లేవని, దొరల కాలంలో రిజిస్టర్ల కోసం తగిలించుకున్నవేనని కొందరంటారు. అలా వచ్చినవి కొన్ని ఉండొచ్చు. కానీ కొత్తగా పేరు తగిలించుకునేవాడు కాస్త దర్జాగా ఉండేది చూసుకోడా? ఉత్తరాంధ్ర ఇంటిపేర్లలో చింతకాయల ఉంది, ఆ పేరుతో అయ్యన్నపాత్రుడు గారు మంత్రి అయ్యారు. కూరగాయలూ పక్షులూ పనిముట్లూ ఇంటిపేర్లయిన కుటుంబాలు ఇక్కడ కోకొల్లలు. ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు అని వెక్కిరించే జనం, తమకి తామే చింతకాయలని పేరు పెట్టుకుని రిజిస్టరుకి ఎక్కలేదు. గుమాస్తా రాసింది చెప్పింది విని.

అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే అభ్యంతరం ఇంకోటి ఉంది. ఈ మామ్మల జ్ఞాపకం కులానికి కాపలా కాదా? అవును, కాపలాయే. "మీ మామ్మ కన్నోరెవులు" అన్న ప్రశ్నలో ఆప్యాయత ఎంతో, ఆరా అంతే. బయటి పిల్లని ప్రేమించిన కుర్రాడికి ఆ ప్రశ్న గోడలా అడ్డు నిలిచింది. కంచరపాలెం మీద తీసిన ఆ సినిమా కూడా ఎక్కువ భాగం ఆ గోడ గురించే. దీన్ని దాచి మామ్మలకి హారతి పట్టడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ గోడ మనం అనుకున్నంత పాతదీ కాదు, పగుళ్లు లేనిదీ కాదు. విశాఖపట్నం జిల్లా తెలుగు కులాల మగవాళ్ల నుంచి తీసుకున్న నమూనాలతో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి చేసిన జన్యు పరిశోధన 1998లో 'నేచర్' పత్రికలో వచ్చింది. వాళ్లు పోల్చి చూసినవి రెండు: తండ్రి నుంచి కొడుక్కి దిగే జన్యు జాడ ఒకటి, తల్లి నుంచి మాత్రమే దిగే జాడ ఇంకొకటి. కులాల మెట్ల మధ్య మనుషులు కదిలిన గుర్తు తల్లి వైపు జాడలో కనిపించింది, తండ్రి వైపు జాడలో అలా కనిపించలేదు. అంటే వెనకెప్పుడో, వందల ఏళ్ల మీద, పక్క మెట్టులో పుట్టిన ఆడవాళ్లు పై మెట్టు ఇళ్లలో కోడళ్లయ్యారు. మగవాళ్లు ఉన్నచోటే ఉన్నారు, వాళ్ల ఇంటిపేర్లూ ఉన్నచోటే ఉన్నాయి. ఇంటిపేరు చెప్పే కథలో కులం ఒక్కటే గీత. మామ్మల కథలో ఆ గీత చాలాసార్లు వంకర తిరిగింది. ఏది గుర్తుంచుకోవాలో తెలిసిన మనిషికి ఏది మరిచిపోవాలో కూడా తెలిసే ఉంటుంది.

మరి ఇంత చేసిన మామ్మకి దక్కిందేమిటని అడగొచ్చు. కాగితం మీద ఏమీ లేదు. పాత రేషన్ కార్డులో ఫలానా వారి భార్య, పింఛను కాగితంలో నామినీ. పెళ్లికి ముందు ఇంటిపేరు బడి మెట్లెక్కిన ఏ కొద్దిమందికో సర్టిఫికెట్లో మిగిలింది. చట్టం ఈ చిత్రాన్ని మెల్లగా మార్చింది, మార్చడంలో ఆంధ్రప్రదేశ్ ముందుంది కూడా. ఆడపిల్లలకి పుట్టింటి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇస్తూ రాష్ట్రం చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. దేశమంతటికీ అది 2005లో గాని రాలేదు. ఇంటిపేరు సంగతి 2022లో ఒక తెలుగు కుటుంబం కేసులో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త పోయిన ఒకావిడ మళ్లీ పెళ్లి చేసుకుని, కొడుక్కి రెండో భర్త ఇంటిపేరు పెట్టుకుంది. మనవణ్ణి తమకి అప్పగించమని మొదటి భర్త తల్లిదండ్రులు కోర్టుకి వెళ్లారు. పిల్లాడికి పాత ఇంటిపేరే ఉంచాలని 2014లో హైకోర్టు అంది. 2022 జులై 28న సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసి, పిల్లాడి ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదేనని చెప్పింది. తీర్పు న్యాయమైనదే. మారుమనువులు మామూలుగా జరిగిన కూలి కులాల్లో ఈ తగవు కొత్తదేమీ కాదు. మొదటి భర్త పిల్లలు ఎవరి ఇంటిపేరుతో పెరిగినా, పెళ్లి వేళకి అసలు తండ్రి ఇంటిపేరు ఎవరో ఒకరు పైకి తీసేవారు. పిలిచే పేరు వేరు, వరస కలిపే పేరు వేరు అన్న తెలివి వాళ్లకి ఉండేది. కోర్టు ముందు మాత్రం రెంటికీ కలిపి ఒకే గడి ఉంది.

ఇప్పుడు ఆ పద్ధతికి ఆధారమైన మేనరికమే సన్నగిల్లుతోంది. 1955 హిందూ వివాహ చట్టం తండ్రి వైపు అయిదు తరాలు, తల్లి వైపు మూడు తరాలు దాటాలంటూనే ఆచారం ఉన్నచోట మినహాయింపు ఇచ్చింది కాబట్టి చట్టం దీన్ని ఆపలేదు. ఆపింది డాక్టర్లు, ఉద్యోగాలు, అమెరికా సంబంధాలు. రక్తసంబంధంలో పెళ్లిళ్ల వల్ల పిల్లలకి వచ్చే జబ్బుల గురించి చెప్పే మాట నిజం, దాన్ని కాదనడానికి లేదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చుట్టరికంలో జరిగిన పెళ్లిళ్లు ఇంకా దాదాపు నాలుగో వంతు ఉన్నాయి. తగ్గడం మంచిదే. దానితోపాటు తగ్గిపోయేది ఏమిటో పెళ్లిళ్ల పేరయ్యల చేతిలోని బయోడేటా చూస్తే తెలుస్తుంది. అందులో పిల్ల పేరు, నక్షత్రం, గోత్రం, తండ్రి ఇంటిపేరు, చదువు, జీతం తర్వాత ఒక గడి తప్పకుండా ఉంటుంది, మేనమామల ఇంటిపేరు అని. మేనమామ పేరు చెప్పి అడిగేది నిజానికి తల్లి పుట్టింటి పేరు. మేనరికాలు వరసగా జరిగినన్నాళ్లు ఆ ఒక్క గడి చాలింది. తల్లి పుట్టిల్లూ మామ్మ పుట్టిల్లూ ఒకటే కనక ఒక పేరు రాస్తే ఇద్దరూ వచ్చేవారు. ఇప్పుడు తల్లి ఒక ఇంటి నుంచి, మామ్మ మరో ఇంటి నుంచి వచ్చారు. గడి ఇంకా ఒకటే ఉంది, అందులో తల్లి పుట్టిల్లు పడుతుంది. మామ్మ కన్నవారి ఇంటిపేరు ఎక్కడ రాయాలో ఆ కాగితంలో లేదు, ఆవిడ అప్పచెల్లెళ్లని ఎక్కడ ఇచ్చారో అసలే లేదు. వరస తప్పే సంబంధమేమోనన్న అనుమానం వస్తే, మురళీనగర్‌లోనో మధురవాడలోనో అపార్టుమెంటు కొనుక్కుని వెళ్లిపోయిన కొడుకులు ఇవాళ్టికీ కంచరపాలెంలో ఉన్న మామ్మకే ఫోను చేస్తారు.